వృత్తి బౌలింగ్ టోర్నీలు, ఛాంపియన్‌షిప్ సీజన్లు: విజయనగరం, శ్రీకాకుళం ప్రేక్షకులు తరచుగా అడిగే ప్రశ్నలు

కొండవెలగాడ వంటి ఊళ్ల వల్లా, ఆమదాలవలస ప్రాంతం నుంచి వెళ్లి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి వల్లా బరువులెత్తే పోటీల గురించి మన రెండు జిల్లాలలో ఎవరికీ ప్రత్యేకంగా చెప్పవలసిన పని లేదు. సన్నని దారి లాంటి లేన్ మీద బంతిని దొర్లించి, చివర నిలబెట్టిన పది పిన్నులను పడగొట్టే టెన్‌పిన్ బౌలింగ్ సంగతి అలా కాదు. అమెరికాలో చదువుకో, ఉద్యోగానికో వెళ్లిన పిల్లలు వారాంతంలో లేన్‌ల దగ్గర తీసి పంపే వీడియోలతోనే చాలా ఇళ్లకు ఈ ఆట పరిచయమైంది. అక్కడి నుంచి వృత్తి ఆటగాళ్ల పోటీలు చూడడం అలవాటైన వారు, ముఖ్యంగా ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులు, వారి తల్లిదండ్రులు పదే పదే అడిగే ప్రశ్నలకు సమాధానాలను ఇక్కడ చేర్చాము.

వృత్తి బౌలింగ్ టూర్‌ను ఎవరు నడుపుతారు?

అమెరికాలోని ప్రొఫెషనల్ బౌలర్స్ అసోసియేషన్, అంటే పీబీఏ నడుపుతుంది. ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ నగరానికి చెందిన న్యాయవాది ఎడ్డీ ఇలియాస్ 1958లో 33 మంది ఆటగాళ్లను సభ్యులుగా చేర్చుకుని దీనిని స్థాపించారు. 1959లో జరిగిన తొలి సీజన్‌లో మూడే టోర్నీలు ఉండేవి. 1962 నుంచి 1997 వరకు ఏబీసీ టెలివిజన్ శనివారం మధ్యాహ్నాలు ఈ పోటీలను ప్రసారం చేయడంతో అమెరికాలో బౌలర్ల పేర్లు ఇంటింటికీ చేరాయి. 2019లో బౌలింగ్ కేంద్రాలను నడిపే బౌలెరో సంస్థ పీబీఏను కొనుగోలు చేసింది. ఆట నిబంధనలు, బంతుల ప్రమాణాలు మాత్రం యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్, అంటే యూఎస్‌బీసీ చేతిలో ఉంటాయి. 1895లో న్యూయార్క్‌లో ఏర్పడిన అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్‌తో పాటు మహిళల, యువజనుల సంఘాలు 2005లో కలిసిపోయి ఈ సంస్థగా మారాయి.

సీజన్ ఎప్పుడు జరుగుతుంది? మనకు ఏ వేళకు వస్తుంది?

ఇటీవలి సంవత్సరాలలో ప్రధాన టోర్నీలు చాలావరకు జనవరి నుంచి మే లోపు ముగుస్తున్నాయి. తరువాత జట్ల లీగ్, ప్రాంతీయ పోటీలు ఉంటాయి. 2013లో మొదలైన ఆ లీగ్ ట్రోఫీకి స్థాపకుడి పేరు మీద ఇలియాస్ కప్ అని పేరు పెట్టారు. ఫైనల్స్ ఎక్కువగా ఆదివారాలే ఉంటాయి కనుక, అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలయ్యే ఆట చలికాలంలో మనకు రాత్రి పదకొండున్నరకు, మార్చి రెండో ఆదివారం అక్కడి గడియారాలు ముందుకు జరిగాక పదిన్నరకు మొదలవుతుంది. సోమవారం తెల్లవారుజామున పలాస ప్యాసింజరు అందుకోవలసిన వారికి మార్చి తరువాతి టోర్నీలే అనుకూలం.

మేజర్ టోర్నీలు ఎన్ని? వాటిలో ఏది పెద్దది?

ఐదు. యూఎస్ ఓపెన్, టోర్నమెంట్ ఆఫ్ ఛాంపియన్స్, పీబీఏ వరల్డ్ ఛాంపియన్‌షిప్, యూఎస్‌బీసీ మాస్టర్స్, పీబీఏ ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్. వీటిలో మొదటి మూడూ గెలిచిన వారికి ట్రిపుల్ క్రౌన్ దక్కినట్లు. ఐదూ గెలిస్తే సూపర్ స్లామ్ అంటారు. అమెరికాకు చెందిన మైక్ ఆల్బీ దీనిని మొదట సాధించగా, ఆస్ట్రేలియాకు చెందిన జేసన్ బెల్మాంటే 2020లో యూఎస్ ఓపెన్ గెలిచి అతని పక్కన నిలిచాడు.

ఏది పెద్దదన్న ప్రశ్నకు బౌలర్లే ఒక మాట మీద ఉండరు. టోర్నమెంట్ ఆఫ్ ఛాంపియన్స్‌లో ఆడాలంటే ముందే టైటిల్ గెలిచి ఉండడం ప్రధాన అర్హత కాబట్టి ఎదుట నిలబడే వారిలో బలహీనులు ఉండరు. మాస్టర్స్‌లో వృత్తి ఆటగాళ్లు కాని వారికి కూడా ప్రవేశం ఉంటుంది. అక్కడ మూడు గేముల మొత్తం పిన్నుల మీద ఒక్కొక్క పోరు తేలుతుంది; ఒకసారి ఓడినవాడికి ఇంకొక అవకాశం ఉంటుంది, రెండోసారి ఓడితే ఇంటికే. మా అభిప్రాయంలో అన్నిటికన్నా కఠినమైనది యూఎస్ ఓపెన్. ఇటీవలి పద్ధతిలో ఒక ఆటగాడు టీవీ ఫైనల్‌కు చేరేలోపు 56 గేములు ఆడవలసి వస్తుంది. పైగా లేన్ మీద పరిచే నూనె తీరు (దీని సంగతి కింద చెప్పాము) రోజురోజుకూ మారుతుంది.

ఆదివారం టీవీలో ఐదుగురే కనిపిస్తారు. మిగిలినవారు ఏమయ్యారు?

ఇది అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న. టీవీలో రెండు గంటలు చూసినవారు టోర్నీ అంతా అదేననుకుంటారు. నిజానికి అది చివరి మెట్లు మాత్రమే.

వారం మొదట్లో వంద మందికి పైగా ఆటగాళ్లు అర్హత గేములు ఆడతారు. ఇక్కడ ఎదుట ప్రత్యర్థి అంటూ ఎవరూ ఉండరు. కొట్టిన పిన్నులన్నీ ఖాతాలో చేరుతూ పోతాయి. ఎనిమిదేసి గేముల విడతలు పూర్తయ్యాక కొంతమంది మాత్రమే మిగులుతారు. వారిలోనూ మరొక కోత పడ్డాక మిగిలినవారు ఒకరితో ఒకరు మ్యాచ్ ప్లే ఆడతారు. అందులో గెలిచిన ప్రతి గేముకూ సాధారణంగా 30 పిన్నులు అదనంగా కలుపుతారు. ఇంత జరిగాక మొదటి ఐదు స్థానాలలో ఉన్నవారు టీవీ ఫైనల్‌కు వస్తారు.

ఆ ఫైనల్‌ను స్టెప్‌ల్యాడర్ అంటారు. ఐదో స్థానంవాడు నాలుగో స్థానంవాడితో, గెలిచినవాడు మూడోవాడితో, తరువాత రెండోవాడితో ఆడుతూ పైకి ఎక్కాలి. అగ్రస్థానంలో ఉన్నవాడికి ఒక్క గేము గెలిస్తే చాలు, టైటిల్ అతనిదే. కానీ యాభైకి పైగా గేముల్లో అందరికన్నా బాగా ఆడినవాడు ఆ ఒక్క గేములో తడబడితే రెండో స్థానంతో సరిపెట్టుకోవాలి. ఇది అన్యాయమని కొందరు అంటారు. అన్యాయమో కాదో గానీ, అగ్రస్థానంవాడికి ఇంకో చిక్కు ఉంది. కింది నుంచి వచ్చినవాడు అదే లేన్ మీద అప్పటికే మూడు గేములు ఆడి, బంతి ఎక్కడ తిరుగుతుందో, ఎక్కడ జారిపోతుందో తెలుసుకుని ఉంటాడు. పైవాడు మాత్రం సాధన బంతులు వేసి కూర్చుని, ఆట వేడెక్కిన తరువాత చల్లటి చేతులతో లేస్తాడు. అందువల్ల పాయింట్ల పట్టికను మాత్రమే చూసి విజేతను ఊహించేవారు తరచూ పొరబడుతుంటారు.

స్కోరు ఎలా లెక్కిస్తారు?

గేములో పది ఫ్రేములుంటాయి. ఫ్రేముకు రెండు బంతులు. మొదటి బంతికే పది పిన్నులూ పడితే స్ట్రైక్, దానికి 10తో పాటు తరువాతి రెండు బంతుల పిన్నులు కలుస్తాయి. రెండో బంతితో మిగిలినవన్నీ పడగొడితే స్పేర్, దానికి తరువాతి ఒక్క బంతి పిన్నులు కలుస్తాయి. మొదటి ఫ్రేములో స్ట్రైక్, రెండో ఫ్రేములో 7, 2 కొట్టారనుకోండి. మొదటి ఫ్రేము 19, రెండో ఫ్రేము ముగిసేసరికి 28. పదో ఫ్రేములో స్ట్రైక్ పడితే మరో రెండు బంతులు ఇస్తారు కనుక పన్నెండు స్ట్రైక్‌లు వరుసగా కొడితే 300 వస్తుంది. అంతకు మించి స్కోరు లేదు.

మాల్‌లో మా అబ్బాయి 180 కొడుతున్నాడు. వృత్తి ఆటగాళ్లు కూడా కొన్నిసార్లు అంతే కొడతారు. ఇక తేడా ఏమిటి?

తేడా లేన్ మీద కంటికి కనిపించని నూనెలో ఉంది. సీజన్ మొత్తాన్ని అర్థం చేసుకోవడానికి ఒక్క విషయమే తెలుసుకోవాలంటే ఇదే తెలుసుకోవాలి.

ఆటగాడు దాటకూడని గీత, అంటే ఫౌల్ లైన్ నుంచి మొదటి పిన్ను వరకు 60 అడుగులు. లేన్ వెడల్పు సుమారు నలభై ఒకటిన్నర అంగుళాలు, అందులో 39 సన్నని పలకలుంటాయి. చెక్కను కాపాడడానికి పూసిన నూనే ఇప్పుడు ఆటకు మూలం. యంత్రంతో లేన్ మొదటి భాగం మీద, సుమారు 35 నుంచి 45 అడుగుల వరకు, పల్చని పొరగా దీనిని పరుస్తారు. మొత్తం నూనె పాతిక మిల్లీలీటర్లకు అటూఇటూగా ఉంటుంది. నూనె ఉన్నచోట బంతి జారుతుంది, లేనిచోట పట్టు దొరికి లోపలికి తిరుగుతుంది.

వినోదం కోసం నడిపే కేంద్రాలలో లేన్ మధ్యలో నూనె ఎక్కువగా, అంచులలో చాలా తక్కువగా వేస్తారు. దీనివల్ల బంతి కాస్త బయటికి పోయినా అంచున పట్టు దొరికి తిరిగి వస్తుంది, కాస్త లోపలికి పోయినా నూనె మీద జారి పాకెట్ (స్ట్రైక్‌కు అనువైన పిన్నుల సందు) వైపే వెళుతుంది. అంటే ఆటగాడి పొరపాటును లేనే సరిదిద్దుతుంది. టోర్నీలలో వాడే ప్యాటర్న్‌లలో, అంటే నూనె పరిచే తీరులలో, మధ్యకూ అంచులకూ నూనె తేడా చాలా తక్కువ. యూఎస్ ఓపెన్‌లో అయితే దాదాపు సమంగా పరుస్తారు. అక్కడ ఒకటి రెండు పలకల తేడాతో బంతి వేస్తే శిక్ష తప్పదు. అబ్బాయి 180, వృత్తి ఆటగాడి 180 ఒకే అంకె అయినా, ఒకే ఆట కావు.

పీబీఏ తన ప్యాటర్న్‌లకు చీతా, వైపర్, స్కార్పియన్, షార్క్ వంటి పేర్లు పెట్టింది. చీతా పొట్టిది; ముందే నూనె అయిపోతుంది గనుక బంతిని గట్టర్ (లేన్ అంచున ఉండే కాలువ) పక్కగా నడపాలి. షార్క్ పొడవైనది; లేన్ లోపలి భాగంలోనే ఆడాలి. బౌలర్లు దీనికి ఒక సులువైన లెక్క వాడతారు: ప్యాటర్న్ పొడవు అడుగుల్లో ఎంత ఉంటే అందులోంచి 31 తీసివేయగా వచ్చిన సంఖ్య, బంతి తిరగవలసిన పలకకు దగ్గరగా ఉంటుంది. 39 అడుగుల ప్యాటర్న్‌కు అంచు నుంచి 8వ పలక అన్నమాట.

ఇదంతా మొదటి గేముకే. ఆడేకొద్దీ బంతులు నూనెను పీల్చుకుంటాయి, కొంత ముందుకు తోసుకుపోతాయి. గంట క్రితం స్ట్రైక్ ఇచ్చిన దారిలోనే ఇప్పుడు బంతి ముందుగా తిరిగి మొదటి పిన్నుకు ఎదురుగా గుద్దుకుంటుంది. అప్పుడు నిలబడే చోటు మార్చాలా, బంతి మార్చాలా, వేగం పెంచాలా అన్నది పక్కవాడికన్నా ఒక్క ఫ్రేము ముందు తేల్చుకున్నవాడే సీజన్ చివర పట్టికలో పైన ఉంటాడు.

బంతి పాకెట్‌లో తగిలినా ఒక్కొక్కసారి పిన్ను ఎందుకు మిగిలిపోతుంది?

పిన్నులకు ముందు వరుస నుంచి వెనక్కి, ప్రతి వరుసలో ఎడమ నుంచి కుడికి 1 నుంచి 10 వరకు అంకెలు వేస్తారు. కుడిచేతివాటం ఆటగాడికి పాకెట్ అంటే 1, 3 పిన్నుల మధ్య సందు. సరైన స్ట్రైక్‌లో బంతి నేరుగా తాకేది 1, 3, 5, 9 పిన్నులను మాత్రమే. మిగిలిన ఆరింటినీ పిన్నులే పడగొడతాయి. బంతి ప్రవేశించే కోణం సుమారు ఆరు డిగ్రీలు ఉంటే ఈ గొలుసు బాగా నడుస్తుంది. కోణం తక్కువైతే బంతి పక్కకు తొలగిపోయి 5వ పిన్నో, మూలన 10వ పిన్నో నిలిచిపోతుంది. బంతిని తిప్పుతూ వేయడం వెనుక ఉన్న కారణం ఇదే. అది ప్రదర్శన కోసం కాదు.

బంతి ఎంత బరువు? ఒక్కొక్కరు అన్ని బంతులు ఎందుకు తెస్తారు?

గరిష్ఠంగా 16 పౌండ్లు, అంటే 7.26 కిలోలు. శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో పురుషుల షాట్‌పుట్ ఎత్తినవారికి ఆ బరువు చేతికి తెలుసు, రెండూ ఒకటే. నేడు వృత్తి ఆటగాళ్లలో చాలామంది 15 పౌండ్ల బంతినే ఇష్టపడుతున్నారు. నూనె మీద ఒక్కొక్క బంతి పైపొర ఒక్కొక్క తీరుగా ప్రవర్తిస్తుంది. ప్లాస్టిక్ బంతి నేరుగా పోతుంది కనుక స్పేర్లకు, యురేథేన్ బంతి నెమ్మదిగా వంగుతుంది కనుక పొట్టి ప్యాటర్న్‌లకు, 1990ల నుంచి వచ్చిన రియాక్టివ్ రెజిన్ బంతి చివర్లో గట్టిగా తిరుగుతుంది కనుక స్ట్రైక్‌లకు వాడతారు.

బంతి పైపొర మీద వివాదాలు కొత్త కావు. 1973లో డాన్ మెక్యూన్ అనే ఆటగాడు ప్లాస్టిక్ బంతులను రసాయన ద్రావకంలో నానబెట్టి మెత్తపరిచి, అవి లేన్‌ను బాగా పట్టుకుంటాయని కనిపెట్టి, ఆ ఏడాది ఆరు టైటిళ్లు గెలిచి ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ అయ్యాడు. అప్పటికి అది నిషిద్ధం కాదు. ఆ తరువాతే బంతికి కనీస గట్టిదనం ఉండాలన్న నిబంధన వచ్చింది. నిబంధన లేనిచోట తెలివిని ఉపయోగించినవాడిని తప్పుపట్టలేము గానీ, ఆ నిబంధన రావడమే ఆటకు మంచిదైంది.

రెండు చేతులతో వేయడం తప్పు కాదా?

కాదు. బంతిని చేతితో వదలాలన్నదే నియమం. ఎన్ని చేతులు ఆసరా ఇవ్వాలన్నది కాదు. జేసన్ బెల్మాంటే, ఫిన్లాండ్‌కు చెందిన ఓస్కు పాలెర్మా ఈ పద్ధతితో టూర్‌కు వచ్చినప్పుడు చాలామంది పెదవి విరిచారు. బెల్మాంటే తల్లిదండ్రులకు సొంత బౌలింగ్ కేంద్రం ఉండేది. బంతిని ఒక చేత్తో ఎత్తలేని వయసులోనే మొదలుపెట్టి, ఆ అలవాటును మానకుండా కొనసాగించాడు. రెండో చెయ్యి చివరి క్షణం వరకు బంతి మీద ఉండడం వల్ల తిప్పే వేగం బాగా పెరుగుతుంది. 2016లో ఆంథొనీ సైమన్‌సెన్ 19 ఏళ్లకే మాస్టర్స్ గెలిచి, మేజర్ గెలిచిన వారిలో అతిపిన్న వయస్కుడైనాడు. అతనిదీ ఇదే పద్ధతి. పెదవి విరిచినవారి పిల్లలు ఇప్పుడు రెండు చేతులతోనే నేర్చుకుంటున్నారు.

అందరిలో గొప్ప ఆటగాడు ఎవరు?

టైటిళ్ల లెక్కన వాల్టర్ రే విలియమ్స్ జూనియర్, 47. మేజర్ల లెక్కన బెల్మాంటే, 15. ఈ ఇద్దరూ చెరి ఏడుసార్లు ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ అయ్యారు. ఎడమచేతివాటం ఎర్ల్ ఆంథొనీ 43 టైటిళ్లు గెలిచి, 1975లో ఒకే సీజన్‌లో లక్ష డాలర్లు దాటిన మొదటి బౌలర్‌గా, 1982లో మొత్తం సంపాదన పది లక్షల డాలర్లు దాటిన మొదటి బౌలర్‌గా నిలిచాడు. మేము ఆంథొనీ వైపే మొగ్గుతాము. బంతులు ఇంతగా సహాయం చేయని కాలంలో అంత నిలకడగా ఆడడం ఆయనకే చెల్లింది.

టీవీ ఫైనల్స్‌లో మరచిపోలేనిది ఏది?

పది లక్షల డాలర్ల మొత్తం బహుమతితో జరిగిన 2011 టోర్నమెంట్ ఆఫ్ ఛాంపియన్స్ సెమీఫైనల్. ఫిన్లాండ్‌కు చెందిన మికా కోయివునియేమి 299 కొట్టగా, ఎదుటనున్న టామ్ డాహర్టీ సరిగ్గా 100 కొట్టాడు. టీవీ ఫైనల్స్ చరిత్రలో ఇంత తేడా లేదు, ఇంత తక్కువ స్కోరూ లేదు. అదే రోజు ఫైనల్ గెలిచి కోయివునియేమి రెండున్నర లక్షల డాలర్లు అందుకున్నాడు. డాహర్టీ ఆ 100ను నవ్వుతూ స్వీకరించి, పదేళ్ల తరువాత 2021లో వరల్డ్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. ఆ 2011 ఫైనల్‌లో ఓడిన టామ్ స్మాల్‌వుడ్‌ది మరో కథ: కార్ల కర్మాగారంలో ఉద్యోగం పోయిన తరువాత టూర్‌కు వచ్చి 2009 వరల్డ్ ఛాంపియన్‌షిప్ గెలిచినవాడు.

ఇక ఒక్క పిన్ను తేడా కావాలంటే 2012 యూఎస్ ఓపెన్ చూడండి. చివరి బంతికి స్ట్రైక్ తప్పనిసరి అయిన స్థితిలో అది కొట్టి పీట్ వెబర్ 215-214తో మైక్ ఫేగన్‌ను ఓడించి, ఐదో యూఎస్ ఓపెన్ గెలిచాడు.

7-10 స్ప్లిట్‌ను ఎవరైనా పడగొట్టారా?

వెనుక వరుస రెండు మూలల్లో చెరొక పిన్ను మిగలడాన్ని అలా అంటారు. టీవీ ఫైనల్స్‌లో మార్క్ రోత్ 1980లో మొదట సాధించాడు. 1991లో ఇద్దరు సాధించాక, ముప్పై ఏళ్లు ఎవరి వల్లా కాలేదు. 2021లో ఆంథొనీ న్యూయర్ అనే కుర్రవాడు పడగొట్టాడు.

మహిళలకు ప్రత్యేక టూర్ ఉందా?

ఉంది. అది 2003లో ఆగిపోయి, 2015లో మళ్లీ మొదలైంది. పురుషులతో కలిసి ఆడి గెలిచినవారూ ఉన్నారు: 2010 టోర్నమెంట్ ఆఫ్ ఛాంపియన్స్ ఫైనల్‌లో కెల్లీ క్యూలిక్ 265-195తో క్రిస్ బార్న్స్‌ను ఓడించి, పీబీఏ టూర్ టైటిల్ గెలిచిన తొలి మహిళ అయింది. అది మేజర్ కూడా.

ఒలింపిక్స్‌లో ఈ ఆట ఉందా? భారతదేశం ఆడుతుందా?

1988 సియోల్ ఒలింపిక్స్‌లో ప్రదర్శన క్రీడగా మాత్రమే ఉంది. టోక్యో 2020 కోసం పరిశీలించిన ఆటల జాబితాలో చేరినా ఎంపిక కాలేదు. ఆసియా క్రీడలలో 1978 బ్యాంకాక్‌లో మొదటిసారి ప్రవేశపెట్టారు. మన దేశంలో జాతీయ సమాఖ్య ఉంది, జాతీయ పోటీలు జరుగుతాయి; షేక్ అబ్దుల్ హమీద్, షబ్బీర్ ధన్‌కోట్ వంటివారు జాతీయ విజేతలుగా పేరు పొందారు. బెంగళూరు, చెన్నై వంటి నగరాలలో పెరిగినవారికే ఇప్పటివరకు ఎక్కువ అవకాశం దొరికింది. దానికి కారణం ప్రతిభ కాదు, రోజూ వెళ్లగలిగేంత దగ్గరలో లేన్ ఉండడం.

మన జిల్లాల పిల్లలు ఎలా మొదలుపెట్టాలి?

విశాఖపట్నమో హైదరాబాదో వెళ్లినప్పుడు ఆడే గేములతో వృత్తి ఆటగాడు తయారు కాడు, అది ముందే తెలుసుకోవాలి. అయినా ఆ కొద్ది గేములను వృథా చేయనక్కర్లేదు. ముందు బొటనవేలు బిగుసుకోకుండా, జారిపోకుండా పట్టే బంతిని ఎంచుకోవాలి; కొత్తవారికి 10 పౌండ్లు చాలు. అక్కడ అద్దెకిచ్చే బూట్లే వేసుకోవాలి, ఎందుకంటే చివరి అడుగు జారాలి తప్ప ఆగకూడదు. వారం మధ్యలో మధ్యాహ్నం వేళ రద్దీ ఉండదు కాబట్టి తీరికగా ఆడవచ్చు. స్ట్రైక్‌ల కోసం బంతిని తిప్పడానికి తాపత్రయపడేవారు ఎక్కువ. ఒక్క స్ట్రైక్ లేకుండా ప్రతి ఫ్రేములో 9 కొట్టి స్పేర్ చేసినా 190 వస్తుందని వారికి తట్టదు. కుడిచేతివాటం వారికి తరచూ మిగిలేది 10వ పిన్ను. దాని కోసం లేన్ ఎడమ పక్కన నిలబడి, మణికట్టు తిప్పకుండా, కోణంగా కుడి మూలకు నేరు బంతి వేయడం సాధన చేయాలి. వరుసగా పదింటిలో ఏడెనిమిది తగలడం మొదలైన తరువాతే సొంత బంతికి, హుక్ (బంతిని వంపు తిరిగేలా వేయడం) నేర్చుకోవడానికి డబ్బు ఖర్చుపెట్టడం సబబు.